ఇల్లు కట్టకముందే వేడి లెక్క, కరెంటు లెక్క: ఎనర్జీప్లస్‌తో సిమ్యులేషన్ చేసే పద్ధతి

"ఓపెన్‌స్టూడియో దించుకున్నాం, ప్లాను గీశాం, రన్ నొక్కితే ఏవో అంకెలు వచ్చాయి. వాటిని నమ్మవచ్చా?" ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం వైపు నుంచి, ఇటు మహారాష్ట్రలోని చంద్రపూర్, సిరొంచ వైపు నుంచి పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. ఓపెన్‌స్టూడియో అంటే ఇంటి ప్లానును కంప్యూటర్‌లో పెట్టి వేడి, కరెంటు లెక్క వేయించే సాఫ్ట్‌వేర్. ఆ లెక్కనే సిమ్యులేషన్ అంటారు. మొదటి రన్‌లో వచ్చిన అంకెలను నమ్మకూడదు. నమ్మదగ్గ అంకెలు రావాలంటే ఏ పని ముందు, ఏ పని తరువాత, ఎక్కడ కాలు జారుతుంది అన్నది కింద వరుసగా ఉంది. ఉదాహరణలన్నీ మామూలు డాబా ఇంటివి: తొమ్మిదంగుళాల ఇటుక గోడ, అయిదంగుళాల శ్లాబు, ఒకటో రెండో ఏసీలు.

## 1. ముందు ప్రశ్న కాగితం మీద పెట్టండి

"మా ఇంటికి ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయి?" అన్న ప్రశ్నకు సిమ్యులేషన్ ఇచ్చే జవాబు ఎప్పుడూ అటూ ఇటూగానే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏసీ ఎన్ని గంటలకు వేస్తారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

"శ్లాబు మీద థర్మాకోల్ వేస్తే పై గదిలో ఎంత వేడి తగ్గుతుంది?", "పడమటి గోడకు సజ్జా పెంచడమా, గోడ మందం పెంచడమా?" అన్న ప్రశ్నలకు మాత్రం బాగా జవాబిస్తుంది. రెండు రన్లలోనూ ఒకే పొరపాటు ఉంటే తేడా తీసేటప్పుడు అది చాలావరకు కొట్టుకుపోతుంది.

మూడు ప్రశ్నలకు మించి రాసుకోవద్దు. ఇంటి దిక్కు మార్చడం గురించి అసలే వద్దు. వాస్తు చూసి ఖరారైన ముఖద్వారాన్ని కంప్యూటర్ చెప్పిందని తిప్పే యజమాని ఎక్కడా ఉండడు.

## 2. ఏ సాఫ్ట్‌వేర్?

లెక్క చేసే ఇంజిన్ ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ నిధులతో తయారైంది, ఉచితం. దానికి నేరుగా ఫైలు రాయడం కొత్తవారికి కష్టం. ఆ ఫైలును మన బదులు రాసిపెట్టే ఓపెన్‌స్టూడియో అప్లికేషన్ కూడా ఉచితమే. ప్లాను గీయడానికి ఫ్లోర్‌స్పేస్ అనే ఎడిటర్ అందులోనే ఉంది కాబట్టి స్కెచ్అప్ కొననక్కర లేదు. డిజైన్‌బిల్డర్ అనే మరో సాఫ్ట్‌వేర్ సులువే గాని లైసెన్సు ఖర్చు ఉంది. ఒక్క ఇంటి కోసం అది అవసరం లేదు.

## 3. కూర్చునే ముందు చేతిలో ఉండవలసినవి

- ప్లాను, ఎత్తులు, ఉత్తర దిక్కు. దిక్సూచితో చూసిన దిక్కు కావాలి. డ్రాయింగులో అలంకారానికి వేసిన బాణం పనికిరాదు.
- గోడ, శ్లాబు పొరలు, వాటి మందాలు. కట్టిన ఇల్లయితే మేస్త్రీని అడగండి.
- ప్రతి కిటికీ కొలత, అది తెరుచుకునే తీరు. పక్కకు జరిగే కిటికీ సగమే తెరుచుకుంటుంది.
- సజ్జాల లోతు, పిట్టగోడ ఎత్తు, పక్క ఇళ్ల ఎత్తు.
- పన్నెండు నెలల కరెంటు బిల్లులు. బిల్లు ఒడియాలో ఉన్నా మరాఠీలో ఉన్నా కావలసినవి రెండే: యూనిట్లు, రీడింగు తీసిన తేదీలు.
- ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్ల మీది లేబుళ్ల ఫొటోలు.

## 4. వాతావరణ ఫైలు: సగం తప్పులు ఇక్కడే

ఎనర్జీప్లస్‌కు ఏడాదిలోని 8760 గంటలకూ ఎండ, వేడి, తేమ, గాలి వివరాలు కావాలి. వాటిని ఈపీడబ్ల్యూ ఫైలు ఇస్తుంది. క్లైమేట్ వన్‌బిల్డింగ్ వెబ్‌సైటులో మన దేశపు ఊళ్ల ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. ఒకే ఊరికి రెండు మూడు ఉంటే ఇటీవలి సంవత్సరాల నుంచి కూర్చినదాన్ని తీసుకోండి.

సరిహద్దు జిల్లాల చిక్కు ఏమిటంటే, మన ఊరి పేరుతో ఫైలు చాలాసార్లు ఉండదు. అప్పుడు రాజధాని ఫైలు వేసేస్తారు. జయపురం ఇంటికి భువనేశ్వర్, సిరొంచ ఇంటికి ముంబై. ఇది పెద్ద పొరపాటు. రాష్ట్రం హద్దు చూడకండి. ఎత్తు, సముద్రం దూరం చూడండి.

- బరంపురం, ఛత్రపురం: గోపాల్‌పూర్ ఫైలు దొరికితే అది, లేకపోతే విశాఖపట్నం.
- పర్లాకిమిడి, గుణుపూర్: విశాఖ ఫైలుతో మొదలుపెట్టవచ్చు. అయితే సముద్రపు గాలి ఆ ఫైలులో మధ్యాహ్నపు వేడిని తగ్గించి చూపుతుంది. కొండల చాటున ఉన్న పర్లాకిమిడికి ఆ చల్లదనం అంతగా అందదు. అందుకే భువనేశ్వర్ ఫైలుతో కూడా ఒక రన్ చేసి రెండూ పక్కన పెట్టుకోండి.
- జయపురం: బస్తర్‌లోని జగ్దల్‌పూర్ ఫైలు. పీఠభూమి అదే, ఎత్తు కూడా దగ్గర దగ్గరగానే ఉంటుంది.
- కోరాపుట్: జగ్దల్‌పూర్ ఫైలే, కాని కోరాపుట్ ఇంకా ఎత్తు. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల లెక్కన వేడి తగ్గుతుంది కాబట్టి ఫలితాలు కాస్త వేడివైపు వచ్చినట్టు గుర్తుంచుకోండి.
- సిరొంచ: గోదావరి ఇవతలి రామగుండం ఫైలు.
- చంద్రపూర్, బల్లార్‌షా: సొంత ఫైలు దొరికితే అదే, లేకుంటే నాగపూర్.

ఫైలు వేశాక ఒక పరీక్ష చేయండి. మే నెల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు తీసి, మీ ఊళ్లో మే ఎలా ఉంటుందో దానితో పోల్చండి. చంద్రపూర్ ఇంటికి వేసిన ఫైలులో మే నెల 40 దాటకపోతే ఫైలు తప్పు.

ఇంకో సంగతి. ఈ ఫైళ్లు మామూలు ఏడాదిని చూపేవి. జనవరి ఒక ఏడాదిది, ఫిబ్రవరి ఇంకో ఏడాదిది తీసి అతికినవి. వడగాలులు విపరీతంగా వీచిన ఏడాది ఇందులో కనబడదు. ఏసీ సైజు తేల్చడానికి దీని మీదే ఆధారపడవద్దు.

## 5. ఇంటిని జోన్లుగా గీయడం

జోన్ అంటే సాఫ్ట్‌వేర్ ఒకే ఉష్ణోగ్రత ఉన్నట్టు లెక్కించే భాగం. ప్రతి గదినీ విడిగా గీయనక్కర లేదు. ఒకేలా వేడెక్కే, ఒకేలా వాడే గదులను కలపండి. ఏసీ ఉన్న గదిని మాత్రం ఎప్పుడూ విడిగా ఉంచండి. పై అంతస్తును కింది అంతస్తుతో కలపకండి.

బరంపురం పాత వీధుల్లో లాగా ఇల్లు ఇల్లూ అంటుకుని ఉంటే, ఉమ్మడి గోడను ఉష్ణ మార్పిడి లేని గోడగా, అంటే అడియాబాటిక్‌గా మార్చాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని ఎండకు నిలబెడుతుంది. ఎదుటి మేడను, పక్క మేడను నీడ ఇచ్చే పలకలుగా గీయండి.

ఉత్తరపు కిటికీకి సజ్జా అక్కర లేదనుకుంటారు. బరంపురం సుమారు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మూడో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మోడల్లో ఆ సజ్జాను వదిలేయకండి.

పెంకుటిల్లయితే పెంకులకూ అటకకూ మధ్య ఖాళీని వేరే జోన్‌గా గీయాలి.

## 6. గోడ, శ్లాబు: పొరలు మీరే వేయండి

ఓపెన్‌స్టూడియోలో ముందే సిద్ధంగా ఉండే గోడలు, కప్పులు అమెరికా ప్రమాణాల ప్రకారం ఇన్సులేషన్ పొదిగినవి. వాటిని అలాగే వదిలేస్తే మే నెలలో కూడా మీ ఇల్లు హాయిగా ఉన్నట్టు చూపిస్తుంది. మొదట అవన్నీ తీసేయండి.

మన సరుకుకు ఉష్ణ వాహకత విలువలు, వాట్ల లెక్కలో:

- కాల్చిన ఇటుక: 0.81
- ఫ్లైయాష్ ఇటుక: సుమారు 0.86
- ఆర్‌సీసీ: 1.58
- సిమెంటు ప్లాస్టరింగ్: 0.72
- ఆస్బెస్టాస్ రేకు: 0.245
- థర్మాకోల్: సుమారు 0.035

అంకె చిన్నదైతే వేడి తక్కువగా దాటుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చంద్రపూర్ వైపు ఫ్లైయాష్ ఇటుకే ఎక్కువ. దాన్ని మామూలు ఇటుక కంటే చల్లనిదని చెప్పి అమ్ముతారు గాని, వాహకతలో పెద్ద తేడా లేదు.

సాఫ్ట్‌వేర్‌లో పెట్టేముందు ఒకసారి చేత్తో లెక్క వేయండి. మందాన్ని మీటర్లలో పెట్టి వాహకతతో భాగిస్తే ఆ పొర అడ్డు వస్తుంది. అన్ని అడ్డులూ కూడి, 1ని ఆ మొత్తంతో భాగిస్తే యు విలువ. అది ఎంత పెద్దదైతే వేడి అంత ఎక్కువగా దాటుతుంది.

అయిదంగుళాల శ్లాబు తీసుకోండి. కాంక్రీటు 0.125 ÷ 1.58 = 0.079. కింది ప్లాస్టరింగ్ 0.012 ÷ 0.72 = 0.017. శ్లాబును పైన, కింద అంటుకుని ఉండే గాలి పొరలకు కలిపి 0.21. మొత్తం 0.306. యు విలువ సుమారు 3.3. దాని మీద 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ వేస్తే అడ్డు మరో 0.71 పెరిగి యు విలువ 1కి కాస్త కిందికి దిగుతుంది. నివాస భవనాలకు కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పుకు పై హద్దు 1.2. ఆ నియమావళి 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలాల్లోని భవనాలకే ఉద్దేశించినది. అయినా కొలబద్దగా చిన్న ఇంటికీ పనికొస్తుంది.

తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఇదే లెక్క వేస్తే సుమారు 2 వస్తుంది. అంటే శ్లాబులోంచి చదరపు మీటరుకు దిగే వేడి గోడకంటే బాగా ఎక్కువ. పైగా రోజంతా ఎండ దాని మీదే. అందుకే డబ్బు పెట్టే ముందు శ్లాబునే మొదట పరీక్షించమంటాను.

ఇక రంగు. శ్లాబు పైపొరకు ఎండను పీల్చుకునే గుణాన్ని 0.7గా సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. మామూలు సిమెంటు శ్లాబుకు అది ఫరవాలేదు. కొత్తగా తెల్ల పూత వేస్తే 0.3 పెట్టవచ్చు. అయితే మన వైపు వానాకాలం దాటాక డాబా ఎక్కి చూడండి: నీళ్లు నిలిచిన మూలల్లో పాచి కట్టి, ఎండాక నల్లటి చారలుగా మిగులుతుంది. ఆ పూతకు ఇక 0.3 చెల్లదు. 0.3తో ఒకటి, 0.5తో ఒకటి రెండు రన్లు చేసి, రెండో దాని ఫలితమే యజమానికి చెప్పండి.

## 7. నేల: 18 డిగ్రీల ఉచ్చు

ఇంటి కింది నేల ఉష్ణోగ్రత మీరు ఇవ్వకపోతే, ఎనర్జీప్లస్ పన్నెండు నెలలూ 18 డిగ్రీలని అనుకుంటుంది. అమెరికాలో ఏసీ పెట్టిన పెద్ద భవనాలకు అది సరిపోవచ్చు. మన ఊళ్లలో మే నెలలో గచ్చు కింద 18 డిగ్రీలు ఎక్కడిది? ఆ అంకె ఉన్నంతకాలం కింది అంతస్తు మోడల్లో ఉచితంగా చల్లబడుతూనే ఉంటుంది. శ్లాబు మీద ఏం వేసినా తేడా చిన్నదిగా కనబడుతుంది.

సవరించే పద్ధతి:

1. మొదట పన్నెండు నెలలకూ 26 పెట్టి రన్ చేయండి.
2. కింది అంతస్తు నెలవారీ సగటు ఉష్ణోగ్రత తీయండి.
3. ప్రతి నెల సగటు నుంచి 2 తీసేసి, ఆ పన్నెండు అంకెలనూ నేల ఉష్ణోగ్రతగా ఇవ్వండి.
4. మళ్లీ రన్ చేయండి. అంకెలు పెద్దగా కదలకపోతే ఆపండి, కదిలితే మరోసారి.

వాతావరణ ఫైలు తలభాగంలోనూ నేల ఉష్ణోగ్రతలు ఉంటాయి. అవి బయలు నేలవి. ఇంటి కింది గచ్చుకు నేరుగా వాడవద్దు.

## 8. మనుషులు, ఫ్యాన్లు, కిటికీలు

సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న షెడ్యూళ్లు, అంటే ఏ గంటకు ఎవరు ఎక్కడ ఉంటారన్న పట్టికలు, ఆఫీసులవి. తొమ్మిదికి వచ్చి అయిదుకు వెళ్లే మనుషులు మన ఇళ్లలో ఉండరు. మధ్యాహ్నం వంటిల్లు, రాత్రి పడకగది, సాయంత్రం హాలు అని గంటలవారీగా మీరే వేయండి.

కిటికీల షెడ్యూలు ఊహతో వేయకండి, ఇంట్లో అడగండి. కోరాపుట్, రాయగడ, గడ్చిరోలి వైపు దోమల భయంతో పొద్దుగూకగానే కిటికీలు మూసేస్తారు. "రాత్రంతా చల్లగాలి వస్తుంది" అని మోడల్లో రాస్తే ఆ చల్లదనం కాగితానికే పరిమితం. దోమతెర ఉంటే తెరుచుకునే వైశాల్యాన్ని తగ్గించాలి. సగం వేసుకోవడం నాకు అలవాటు.

గాలి లెక్కకు మొదట్లో విండ్ అండ్ స్టాక్ పద్ధతి చాలు. బయటి గాలి వేగం, లోపలికీ బయటికీ వేడి తేడా బట్టి కిటికీలోంచి వచ్చే గాలిని అది లెక్కిస్తుంది. గదిగదికీ గాలి దారులు లెక్కించే ఎయిర్‌ఫ్లో నెట్‌వర్క్ జోలికి వెళ్లకండి. వాతావరణ కేంద్రం గాలి కొలిచేది బయలులో కాబట్టి టెర్రైన్ (ఇంటి చుట్టుపక్కల తీరు) దగ్గర ఊరు లేదా శివారు ఎంచుకోవాలి.

ఫ్యాను గురించి ఒక మాట. ఫ్యాను గది గాలిని చల్లబరచదు, తన వాట్ల మేర వేడినే కలుపుతుంది. మనకు హాయి అనిపించేది ఒంటికి గాలి తగలడం వల్ల. కాబట్టి మోడల్లో ఫ్యానును పరికరంగా మాత్రమే పెట్టండి: పాతదైతే 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారుదైతే 30 దరిదాపు.

## 9. మొదటి రన్: ఏసీ లేకుండా

ఏసీ పెట్టి మొదలుపెడితే తప్పులన్నీ దాని వెనక దాక్కుంటాయి. ముందు ఏసీ లేకుండా నడపండి. జోన్ ఆపరేటివ్ టెంపరేచర్‌ను (గది గాలి వేడి, చుట్టూ గోడలు, కప్పుల వేడి కలిపిన అంకె) గంటలవారీగా తీయండి.

మే నెలలో మూడు రోజుల గ్రాఫు గీసి చూడవలసినవి:

- పై అంతస్తు కింది అంతస్తు కంటే వేడిగా ఉందా? లేకపోతే శ్లాబు పొరలు తప్పు.
- పై గదిలో వేడి బయటి వేడి కంటే ఆలస్యంగా, సాయంత్రం వైపు పతాకస్థాయికి వస్తోందా? శ్లాబు మధ్యాహ్నం తాగిన ఎండను రాత్రికి వదులుతుంది. మిట్టమధ్యాహ్నమే పతాకమైతే కాంక్రీటు సాంద్రత దగ్గర ఒక సున్నా తగ్గి ఉంటుంది.
- కిటికీలు మూసిన రాత్రి లోపల బయటికంటే వేడిగా ఉందా? మన డాబాలన్నీ అంతే. మోడల్ చల్లగా చూపితే ఏడో అంశానికి తిరిగి వెళ్లండి.

తరువాత ఎర్రర్ ఫైలు తెరవండి. ఫేటల్ (రన్ ఆగిపోయేవి), సివియర్ (తీవ్రమైనవి) అన్న తప్పులు ఒక్కటి కూడా మిగలకూడదు. వార్నింగులన్నీ చదవాలి గాని అన్నీ సవరించనక్కర లేదు. తరచూ వచ్చే సివియర్ తప్పు: రెండు జోన్ల మధ్య గోడ ఒకవైపు మాత్రమే జతపడటం. ఫ్లోర్‌స్పేస్‌లో గీతలు అంగుళం తేడాతో తప్పుకుంటే ఇలా జరుగుతుంది. గీతలను గ్రిడ్‌కు అంటించి మళ్లీ గీయండి.

ఏసీ లేని గదిలో ఎన్ని గంటలు ఇబ్బంది అన్నది తేల్చడానికి మన దేశపు కొలత ఉంది, ఐమాక్ (ఇండియా మోడల్ ఫర్ అడాప్టివ్ కంఫర్ట్). గత ముప్పై రోజుల బయటి సగటు ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలపాలి. దానికి 2.38 అటూ ఇటూగా ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి ఫరవాలేదన్న లెక్క. బయటి సగటు 32 అయితే మధ్య విలువ 30.1, పై హద్దు 32.5. ఆ హద్దు దాటిన గంటలు లెక్కించండి. యజమానికి చెప్పవలసిన మొదటి అంకె ఇదే.

## 10. ఇప్పుడు ఏసీ

మొదట ఐడియల్ లోడ్స్ వ్యవస్థ పెట్టండి. అది గదిలోంచి ఎంత వేడి తీయాలో చెబుతుంది. అది కరెంటు కాదు. చాలామంది ఆ అంకెనే యూనిట్లుగా చదివి బెంబేలెత్తుతారు. ఏసీ సామర్థ్యంతో, అంటే ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి తీస్తుందన్న అంకెతో (టన్నులతో కాదు) భాగించాలి: తీయవలసిన వేడి 2100 యూనిట్లు, సామర్థ్యం 3 అనుకుంటే కరెంటు 700 యూనిట్లు. లేబుల్ మీది అంకెను యథాతథంగా వాడకండి. దుమ్ము పట్టిన ఫిల్టరు, నలభై దాటిన ఎండ దాన్ని తగ్గిస్తాయి.

సెట్టింగు దగ్గర 24 పెట్టే ముందు ఇంట్లో రిమోట్ మీద ఎంత ఉందో చూడండి.

## 11. బిల్లుతో సరిపోల్చడం

కట్టిన ఇల్లయితే ఈ మెట్టు తప్పనిసరి. బిల్లు నెల క్యాలెండర్ నెల కాదు కాబట్టి రీడింగు తేదీల ప్రకారం మోడల్ ఫలితాన్ని రోజువారీగా తీసి కూడండి.

మొదట డిసెంబరు, జనవరి చూడండి. ఏసీ ఉండదు కాబట్టి ఆ బిల్లు ఫ్రిజ్, దీపాలు, మోటారు, టీవీలదే. మోడల్ అక్కడ సరిపోయేదాకా వేసవి జోలికి వెళ్లవద్దు. ఆ తరువాత ఏప్రిల్, మే. అక్కడ తేడా వస్తే ముందుగా ఏసీ గంటలను, తరువాత కిటికీల సందుల్లోంచి వచ్చే గాలిని, చివరగా సామర్థ్యాన్ని సవరించండి. గోడల వాహకతను ముట్టుకోవద్దు. కొలిచి వేసిన అంకెను బిల్లు కోసం వంచితే మోడల్ ఎందుకూ పనికిరాదు.

ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) మార్గదర్శి 14 ప్రకారం నెలవారీ బిల్లులతో పోల్చినప్పుడు ఏడాది మొత్తం మీద తేడా 5 శాతం లోపు ఉండాలి. అది ఒక్కటే చాలదు, ఎందుకంటే మేలో ఎక్కువ, నవంబరులో తక్కువ వచ్చి రెండూ సరిపోవచ్చు. అందుకే నెలనెలా తేడాలను వర్గాలు చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టి, బిల్లుల సగటుతో భాగించాలి. అది 15 శాతం లోపు ఉండాలి.

ఇంకా కట్టని ఇంటికి బిల్లు ఉండదు. అదే వీధిలో దాదాపు అలాంటి ఇంటి బిల్లు అడిగి తెచ్చుకోండి.

## 12. మార్పులు ఒక్కొక్కటిగా

సరిపోయిన మోడల్‌ను మూలంగా దాచి, ప్రతి మార్పుకూ దాని నకలు తీయండి. ఒక నకలులో ఒకే మార్పు. నేను పెట్టే వరుస ఇది:

1. శ్లాబు మీద తెల్ల పూత, పాతబడిన పూత అంకెతో (0.5).
2. శ్లాబు మీద ఇన్సులేషన్.
3. పడమటి, తూర్పు కిటికీలకు సజ్జా లేదా బయటి నీడ.
4. ఏసీ సెట్టింగు 24 నుంచి 26కు, ఫ్యానుతో కలిపి.
5. గోడల మార్పు.

పూత, ఇన్సులేషన్ విడివిడిగా ఇచ్చిన లాభాలను కూడి మొత్తం చెప్పకండి. ఒకటి వేశాక రెండో దానికి మిగిలే పని తక్కువ. రెండూ కలిపి మూడో రన్ చేయాలి.

ఊరిని బట్టి జవాబు మారుతుంది. రాత్రి గాలి ఆడించడం జయపురం పీఠభూమి మీద బాగా పనిచేస్తుంది. బరంపురంలో వేడి కాస్త తగ్గినా ఉక్కపోత పోదు. ఎడారి కూలరు చంద్రపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో అద్భుతం, గోపాల్‌పూర్ తీరంలో దండగ. మోడల్‌లో కూలరు గీయడానికి ముందు వాతావరణ ఫైలులో గాలి తేమ చూస్తే చాలు, తేలిపోతుంది.

## 13. ఫలితం వింతగా ఉంటే

- శ్లాబు మార్చినా ఏమీ మారలేదు: మార్చిన పొర ఏ కప్పుకూ తగిలించలేదు, లేదా నేల ఇంకా 18 దగ్గరే ఉంది.
- ఉదయపు ఎండ పడవలసిన గదికి పడమటి ఎండ పడుతోంది: ఉత్తర దిక్కు తప్పింది.
- ఎండ అరగంట అటూ ఇటూ అయింది: టైమ్ జోన్ 5.5 బదులు 5 లేదా 6 పడింది.
- ఏసీ ఉన్న గది చల్లబడటం లేదు: హాలుకూ దానికీ మధ్య తలుపును ఎప్పుడూ తెరిచే ఉంచినట్టు గాలి మార్పిడి పెట్టారు.
- రేకుల షెడ్డు రాత్రి కూడా కాలిపోతోంది: రేకుకు కాంక్రీటు మందం వేశారు.

## 14. యజమానికి, మేస్త్రీకి ఇచ్చే కాగితం

ఒక పేజీ చాలు. పైన ఇంటి ప్లాను, కింద మూడు వరుసలు: ఇప్పుడున్నట్టు, మొదటి మార్పు, రెండు మార్పులు కలిపి. ఒక్కోదానికి హద్దు దాటిన గంటలు, ఏడాది యూనిట్లు, ఖర్చు. దశాంశాలు వద్దు, 687.4 అని రాస్తే అంత కచ్చితంగా తెలుసునన్న భ్రమ కలుగుతుంది. "సుమారు 700" అనండి. రూపాయల లెక్క వేసేటప్పుడు ఆదా అయ్యే యూనిట్లను బిల్లులో మీ వాడకం చేరిన చివరి టారిఫ్ మెట్టు రేటుతో గుణించాలి, సగటు రేటుతో కాదు.

కింద చిన్న అక్షరాల్లో ఏ ఊరి వాతావరణ ఫైలు వాడారో, నేల ఉష్ణోగ్రత ఎంత పెట్టారో, కిటికీలు ఎప్పుడు మూస్తారనుకున్నారో రాసి పెట్టండి. మరో ఇంజినీరు చేతికి ఆ కాగితం వెళ్తే అతను మొదట వెతికేవి ఆ మూడే.